అసలు ఒకటి, నకళ్లు రెండు

శుక్రవారం పొద్దున్న సబీనో వరాచి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకి ఫోనులో ఈమెయిల్ పెట్టుకోవాలి, ఎనిమిదికి దరఖాస్తు పంపాలి, పదింటికి సంత మూల మీద వేడి సల్తేన్యాలు, మాంసం పులుసు కూరిన కజ్జికాయలు, రెండు తినాలి. వాటిలోని పులుసు చొక్కా మీద కారకుండా తినడం ఒక్కటే ఈ మూడింట్లో కష్టమైన పని అనుకున్నాడు పాపం.

దరఖాస్తు ఆదివారం జరిగే మరియ మాత ఊరేగింపుకి. ఊళ్లో నాట్య బృందాలు పదకొండు. ఎవరి దరఖాస్తు ముందు అందితే వాళ్లు ముందుగా ఆడుకుంటూ గుడికి వెళ్తారు. సబీనో తగరం పనివాళ్ల బృందానికి కార్యదర్శి. తగరం పనివాళ్లంతా రైలు పట్టాలకి అవతల, గుట్ట మీద ఉంటారు. వడ్రంగుల కార్యదర్శి ఫొర్తునాతో ఇల్లు ఉత్సవ సంఘం ఆఫీసుకి ఎదురుగానే. అతను చెప్పులీడ్చుకుంటూ వచ్చి వరసలో మొదట నిలబడతాడు, సబీనో రొప్పుకుంటూ వచ్చి చివర నిలబడతాడు. పదకొండేళ్లుగా ఇదే తంతు, అంతకు ముందు కార్యదర్శులదీ ఇదే గతి. తగరం పనివాళ్ల వంతు వచ్చేసరికి కొండల వెనక పొద్దు గుంకిపోతుంది.

సబీనోకి తన సంగతి బెంగ లేదు. బెంగంతా భార్య నికొలాసా గురించి. ఇరవై ఆరేళ్లుగా బృందంలో ఆడవాళ్ల వరసకి ముందు నిలబడి ఆడేది ఆమే. మోకాళ్లు అరిగిపోయాయి, ఇదే ఆఖరు ఏడాది అని డాక్టరు తేల్చేశాడు. ఆ ఆఖరిసారి కోసం ఆమె నెమలికంఠం రంగు కుచ్చుల పావడా కుట్టుకుంది.

"దీపాల కింద ఈ రంగు నల్లగా చస్తుందయ్యా" అంది ఆమె. "ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, నేను ఎండలో ఆడుతుంటే ఊరంతా చూడాలి. ఆ తర్వాత ఈ మోకాళ్లు ఏ గంగలో కలిసినా నాకేం పర్లేదు."

అలాంటి సమయంలో సంఘం గోడ మీద నోటీసు పడింది. ఈ ఏడాది దరఖాస్తులు ఈమెయిల్లోనే పంపాలి, కాగితాలు తీసుకోరు, గడువు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు. గుట్ట మీద ఉన్నవాడికీ ఆఫీసు ఎదురుగా ఉన్నవాడికీ ఇక దూరం ఒకటే. సబీనో ఆ నోటీసు ముందు టోపీ తీసి శిలువ గుర్తు వేసుకున్నాడు.

ఏడున్నరకి ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర ఫోను ముందు కూర్చున్నారు. ఫోను పేరు అడిగింది. సబీనో తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు కలిపి నిండుగా కొట్టాడు. ఈ పేరు వేరొకరు వాడుతున్నారు, ఇంకోటి ఎంచుకోండి అని వచ్చింది.

"నా పేరు ఎవడు వాడుతున్నాడే?" సబీనో లేచి నిలబడ్డాడు. "జ్ఞానస్నానం కాగితం తియ్యి, చూపిద్దాం!"

"ఎవరికి చూపిస్తావు, ఆ గాజు పలకకా? వెనక బృందం పేరు తగిలించు."

తగిలిస్తే ఒప్పుకుంది. పాస్‌వర్డ్ అడిగితే నికొలాసా భక్తిగా మరియ మాత పేరు పెట్టమంది. ఫోను "బలహీనంగా ఉంది" అని ఎర్రక్షరాల్లో చెప్పింది. "మాత బలహీనమా! కళ్లు పోతాయి దీనికి" అని ఆమె లెంపలేసుకుంది. పెళ్లిరోజు అంకెలు కూడా కలిపాక గానీ దానికి బలం చాలలేదు.

అసలు గండం ఆ తర్వాత వచ్చింది. మీరు మనిషేనా, యంత్రం కాదు కదా, బస్సులున్న బొమ్మలన్నీ నొక్కండి అని తొమ్మిది బొమ్మలు చూపించింది. సబీనో రెండు బస్సులు నొక్కి, రెండు లారీలు కూడా నొక్కాడు. తప్పు, మళ్లీ చేయండి అంది. మళ్లీ చేశాడు. మళ్లీ తప్పు. అయిదోసారికి అతను ఫోను బల్ల మీద పెట్టేశాడు.

"నేను మనిషిని కాదంటోంది, నికొలాసా."

"ఆ లారీలు ఎందుకు నొక్కుతున్నావయ్యా?"

"పొతోసీ గనులకి పదేళ్లు దేని మీద వెళ్లాను? మీ అమ్మ మన పెళ్లికి దేని మీద వచ్చింది? బంగాళాదుంప మూటల మీద కూర్చుని లారీలోనే కదా! టిక్కెట్టు తీసుకున్నాక అది బస్సు కాకపోతే ఇంకేంటి?"

"ఈ ఫోను చేసినవాడు మన ఊరు ఎప్పుడూ రాలేదు. లారీలు వదిలెయ్."

వదిలేశాడు. ఫోను అతన్ని మనిషిగా ఒప్పుకుంది. ఎనిమిది దాటి పది నిమిషాలకి దరఖాస్తు, తొంభై ఆరుమంది సభ్యుల గుర్తింపు కార్డుల ఫోటోలు రెండు వైపులా తగిలించి పంపాడు. ఏ ఆఫీసైనా అసలుతో పాటు రెండు నకళ్లు అడుగుతుందని ఆ ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. కాబట్టి అదే దరఖాస్తు నకలు ఒకటి అని ఒకసారి, నకలు రెండు అని ఇంకోసారి పంపాడు. తర్వాత చేతులు కట్టుకుని ‘అందినది’ అన్న ముద్ర కోసం ఎదురు చూశాడు.

ముద్ర రాలేదు. మూడు జవాబులు వచ్చాయి. మూడూ ఒకే మాట: మీ గౌరవనీయమైన లేఖ అందినది, మీకు మా హృదయపూర్వక నమస్కారములు, దీనికి మీరు జవాబు ఇవ్వనవసరం లేదు.

"ఎంత మర్యాదస్తులు!" సబీనో ఫోనుకి తల వంచాడు. "పదకొండేళ్లలో ఆ ఆఫీసు కిటికీ దగ్గర నాకు ఎవరూ నమస్కారం పెట్టలేదే."

"అవసరం లేదన్నారుగా, ఊరుకో."

"అలా అంటారు. మీ పిన్ని సూపు చాలు, వడ్డించొద్దు అంటే నిజమేననుకుని ఊరుకున్నాం, ఏమైంది? నాలుగేళ్లు మాట్లాడటం మానేసింది."

నమస్కారానికి ప్రతినమస్కారం చెయ్యకపోతే తగరం పనివాళ్లకి పెద్దా చిన్నా తెలియదంటారు. సబీనో మూడు జవాబులకీ జవాబులు రాశాడు. జవాబు కూడా ఆఫీసు కాగితమే కాబట్టి ఒక్కోదానికి అసలు ఒకటి, నకళ్లు రెండు. జతకాగితాలు లేకపోతే కిటికీలోంచి వెనక్కి విసిరేస్తారు కాబట్టి కార్డుల ఫోటోలు ప్రతిదానికీ తగిలించాడు. తొమ్మిది వెళ్లాయి. తొమ్మిది నమస్కారాలు వచ్చాయి. తొమ్మిదికి ఇరవై ఏడు పంపాడు. ఇరవై ఏడూ తిరిగి వచ్చాయి.

"వీళ్లు తగ్గట్లేదే!" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"మనం మాత్రం ఎందుకు తగ్గాలి? ఇలా తే" అని నికొలాసా ఫోను లాక్కుంది. ఆమె ఆపకుండా నొక్కుతుంటే సబీనో వేళ్ల మీద లెక్క పెడుతూ కూర్చున్నాడు. పదింటికి సంత మూల మీద సల్తేన్యాలు అమ్ముడైపోయాయి. పదిన్నరకి, ఎనభై ఒకటి పూర్తి కాకముందే, ఫోనులో కొత్త మాట వచ్చింది: పెట్టె నిండిపోయినది, మీ లేఖ చేరలేదు.

సబీనో ముఖం పాలిపోయింది. చేరలేదంటే ఏది చేరలేదు? అసలా, నకలా, నమస్కారమా? ఇరవై ఆరేళ్ల చీకటికి ఇంకో ఏడాది తన చేత్తోనే కలిపాడా? "నీ ఎండ నేనే పోగొట్టానే" అన్నాడు. నికొలాసా శాలువా కప్పుకుంది. ఇద్దరూ గుట్ట దిగారు. ఆమె మోకాళ్ల వల్ల ఆఫీసు చేరేసరికి పన్నెండు దాటింది.

ఆఫీసులో గుమాస్తా రుఫీనో తల పట్టుకుని కూర్చున్నాడు. అతని చుట్టూ మిగతా పది బృందాల కార్యదర్శులు కేకలు వేస్తున్నారు. సబీనోని చూడగానే ఫొర్తునాతో ఎగిరిపడ్డాడు. అతను సబీనో కొడుక్కి జ్ఞానస్నానం నాటి జ్ఞానపిత, ఇద్దరూ బావా అంటే బావా అనుకుంటారు.

"ఏం బావా, ఏం చేశావు? ఆ లారీలూ బస్సులూ దాటేసరికి నాకు పదకొండయింది. ఇంతమందిమీ అక్కడే పడి ఉన్నాం. తీరా పంపితే పెట్టె నిండిపోయిందట! ఎవరితో నిండింది అంటే నీతో నిండిందట!"

"నేను నమస్కారాలు పెట్టాను బావా, అంతే!"

"ఎవరికి పెట్టారు సబీనో గారూ?" రుఫీనో ఏడుపు గొంతుతో అడిగాడు. "ఆ జవాబులు యంత్రం ఇస్తుంది. నేను ఎనిమిదిన్నర నుంచి టీ కూడా తాగలేదు. చెరుపుతుంటే వస్తున్నాయి, వస్తుంటే చెరుపుతున్నాను. ఇంకా డెబ్భై ఉన్నాయి, ఒక్కోటి ఫోటోలతో సహా చెరగడానికి అరగంట పడుతోంది."

"మరి మా దరఖాస్తు?"

"అందింది. అదొక్కటే అందింది. అధ్యక్షులవారికి ఫోను చేశాను. గడువు గడువే అన్నారు. ఈ ఏడాది ఊరేగింపులో ఒకే ఒక్క బృందం, మీది. పొద్దున్న తొమ్మిదికి."

పదిమంది కార్యదర్శులూ సబీనో వైపు చూశారు. వడ్రంగులు, కసాయిలు, డ్రైవర్లు, రొట్టెలవాళ్లు, అందరితోనూ రోజూ పని పడే ఊరు అది. రేపటి నుంచి తన ఇంటికి రొట్టె కూడా రాదని అతనికి అర్థమైంది. గెలిచాడు, గెలిచినందుకు చచ్చిపోవాలనిపించింది.

అప్పటిదాకా బెంచీ మీద మోకాళ్లు రుద్దుకుంటున్న నికొలాసా తల ఎత్తింది.

"ఏం బాబూ రుఫీనో, ఒక బృందంలో ఎంతమంది ఉండాలని మీ నియమాల్లో ఉందా?"

రుఫీనో పుస్తకం తిప్పాడు. "లేదమ్మా. పరిమితి లేదు."

"అయితే గొడవెందుకు? అందరూ మా బృందంలో చేరిపోండి. మీ పాట మీదే, మీ బట్టలు మీవే. ముందు మాత్రం నేనుంటాను."

ఫొర్తునాతో ఆమె చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు. పదిమందీ అక్కడే కాగితాల మీద పేర్లు రాయడం మొదలుపెట్టారు, అసలు ఒకటి, నకళ్లు రెండు. పరిమితి లేదని తెలిశాక ఎవరూ చెయ్యి ఆపుకోలేదు. ముసలి అత్తలు, చంకలో పిల్లలు, పక్క వీధివాళ్లు, మొక్కజొన్న సారా అమ్మే విధవరాలు, ఎవరి పేరూ వదలలేదు. తమను వదిలేశారని రేపు ఎవరూ ముఖం ముడుచుకోకూడదు కదా.

ఆదివారం తొమ్మిదికి బాజాలు మోగాయి. ఆకాశం మబ్బు లేకుండా ఉంది. నికొలాసా అడుగు వేసి తిరిగింది. నెమలికంఠం రంగు ఒక్కసారి నీలమై, పచ్చనై, మళ్లీ నీలమై మెరిసింది. పక్కన ఫైలు పట్టుకుని నడుస్తున్న సబీనోకి కళ్లు చెమ్మగిల్లాయి. పెళ్లినాడు కూడా ఆమె ఇంత అందంగా ఉండలేదని అతనికి అనిపించింది, ఆ మాటే ఆమెతో అన్నాడు.

"నువ్వు చూస్తే ఏం లాభమయ్యా?" నికొలాసా నవ్వు చెరగనివ్వకుండా పళ్ల మధ్య నుంచి అంది. "ఊరేదీ?"

సబీనో రెండు పక్కలా చూశాడు. చూసేవాళ్ల కోసం వీధి పొడుగునా కట్టిన బల్లల మీద ఒక్క పిట్ట లేదు. అప్పుడతను వెనక్కి తిరిగాడు.

"మన వెనకాల ఆడుతోంది" అన్నాడు నీరసంగా.

ఊరేగింపు ఆఫీసు ముందుకి వచ్చేసరికి అరుగు మీద ఒక్క మనిషి కూర్చుని కనిపించాడు. నికొలాసా ప్రాణం లేచి వచ్చింది. మోకాళ్ల నొప్పి మరిచిపోయి, ఆ ఒక్కడి కోసం మూడు చుట్లు తిరిగింది. అతను రుఫీనో. ఒళ్లో ఫోను పెట్టుకుని, తల ఎత్తకుండా, ఆమె భర్త పెట్టిన నమస్కారాలు ఒక్కొక్కటే చెరుపుతున్నాడు.