టానర్ దొరగారి ఇంటిపేరు

ఇంగ్లండు దేశపు ప్రాచీన వంశం ఒకటి వచ్చే ఆదివారం సూళగిరి గడ్డ మీద పాదం మోపబోతున్నదని, ఆ పాదం కింద పరచడానికి ఎర్ర తివాచీ కూడా ఆర్డరు చేశామని, మా ద్వారకనాథ్ గారు హోసూరులో ప్రెస్ మీట్ పెట్టి ప్రకటించారు. ద్వారకనాథ్ గారు వర్తక సంఘం అధ్యక్షులు, పార్టీ జిల్లా నాయకులు, సూళగిరి కల్యాణ మండపానికి శాశ్వత ధర్మకర్త. నేను ఒక పత్రికకు ఈ ప్రాంత విలేకరిని. ఆయన ఏది చెప్పినా రాసుకుంటాను. చెప్పకపోయినా రాస్తాను.

వస్తున్నది టానర్ అనే దొర. గేర్లు తయారుచేసే ఫ్యాక్టరీకి స్థలం చూసుకోవడానికి వస్తున్నాడు. ఆయనకు చూపబోయే స్థలం పక్కనే ద్వారకనాథ్ గారి టమోటా తోట ఉండటం దేవుడి ఏర్పాటు తప్ప మరొకటి కాదు. ఆ సంగతి అడిగిన విలేకరికి కాఫీ రాలేదు. నాకు వచ్చింది.

"ఫ్యాక్టరీ ముఖ్యం కాదప్పా," అన్నారాయన. "యా వంశం వస్తా ఉంది అనేదే ముఖ్యం. ఆ ఇంటిపేరు చరిత్రంతా తవ్వి తీసి, మన మండపంలోనే సభ పెట్టి సన్మానం చేస్తాము. రాసుకో."

మా మండపం గురించి గర్వంగా ఒక మాట చెప్పుకోవాలి. గేటు మీద 'ఇది అందరిదీ' అని రాసి ఉంటుంది. మా జిల్లాలో మనిషి పేరుకు ముందు ఇనీషియల్ ఒక్కటే ఉంటుంది కాబట్టి, కాగితం మీద అందరూ ఒకే రకంగా కనబడతారు. పాపం, మేనేజరు కేశవప్పకు దీనితో చాలా ఇబ్బంది. కులం అడిగితే నేరం. అందుకని ఇంటిపేరు అడుగుతాడు. అది మర్యాద.

సభ ఏర్పాట్లు చూద్దామని నేను మండపానికి వెళ్ళిన రోజునే వెంకటేశప్ప, ఆయన భార్య కాళమ్మ అక్కడికి వచ్చారు. వాళ్ళ మనవరాలు తమిళ్‌సెల్వి ఫోన్ల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. పెళ్ళికొడుకుది కావేరిపట్టణం. ముహూర్తం కుదిరింది. హాలు కావాలి.

"ఇంటిపేరు?" అన్నాడు కేశవప్ప తియ్యగా.

"తోళ్ళ వాళ్ళము అప్పా. మా నాయన కాలం దాకా తోలు పనే."

కేశవప్ప తలెత్తి సీలింగు వైపు చూశాడు. "కారతా ఉందప్పా. రిపేరు."

"ముహూర్తం మార్చుకుంటాము. యా దినం ఖాళీ ఉంటే ఆ దినమే ఇవ్వు."

"అన్ని దినాలూ రిపేరే."

కాళమ్మ కూడా తలెత్తి సీలింగు చూసింది. అంతకు ముందు వారమే కొత్తగా వేసిన సీలింగు, మధ్యలో పువ్వు కూడా ఉంది. "పెద్ద మనవరాలి పెండ్లి వీధిలో చేసినామప్పా," అంది. "ఐప్పసి నెల వానకు పందిరి కూలిపాయె. సాంబారులో నీళ్ళు, ఆకుల్లో నీళ్ళు. పెండ్లికొడుకోళ్ళు బస్టాండులో నిలబడి తిన్నారు. ఆ మాట ఇప్పుడు కూడా దాన్ని పొడస్తా ఉండారు. ఈ బిడ్డకైనా తల మీద కప్పు ఉండాల. కారినా ఫరవాలేదు, వీధిలో కన్నా తక్కువే తడుస్తాము."

కేశవప్ప చాలా బాధపడ్డాడు. బాధపడి, ఫ్యాను ఆపి, తలుపు వేసుకున్నాడు.

ఈలోగా చరిత్ర పరిశోధన జోరుగా సాగింది. పరిశోధకుడు ద్వారకనాథ్ గారి కొడుకు అరవింద్. బెంగళూరులో సాఫ్ట్‌వేరు. సోఫాలో పడుకునే పరిశోధించాడు.

"నాన్నా, దొరల ఇంటిపేర్ల చరిత్ర చెప్పేదానికని వెబ్‌సైట్లు ఉండాయి. టానర్ అని కొడితే సింహం బొమ్మ వచ్చింది చూడు. చాలా పాత పేరంట. ఓక్ చెట్టు బెరడుతో సంబంధం ఉండాదంట."

"ఇంకా?"

"ఇంకా చదవాలంటే ప్రీమియం కట్టాల."

"వద్దులేరా. సింహం ఉండాది, చెట్టు ఉండాది, ఇంకేం కావాల? మైసూరు మహారాజుకు గంధపు చెట్లు మాదిరి వీళ్ళకు ఓక్ చెట్లు. అడవులన్నీ వీళ్ళవే అయుంటాయి."

మర్నాటికి హైవే పొడుగునా, గురుబరపల్లి దాకా ఫ్లెక్సులు లేచాయి. 'ఓక్ వనాధీశ్వర, సింహలాంఛన టానర్ మహాప్రభువుకు స్వాగతం.' దొర ఫోటో దొరక్క, సూటు వేసుకున్న మరో తెల్లాయన బొమ్మ వేశారు. ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేదు, దొర తప్ప.

ఆదివారం దొర వచ్చాడు. లావుపాటి మనిషి, నవ్వు ముఖం, చెమటలు. పూర్ణకుంభం ఎదురొచ్చింది. ద్వారకనాథ్ గారి సతీమణి పుష్పవతమ్మ గారు తమ పుట్టింటి వెండి గ్లాసులో మజ్జిగ ఇచ్చారు. హాలులో వర్తక ప్రముఖులు, బయట షామియానా కింద పెద్ద టీవీ తెర ముందు ప్రజలు. ప్రజలను లారీల్లో తెప్పించారు. ఆ ప్రజల్లో వెంకటేశప్ప, కాళమ్మ కూడా ఉన్నారు. చప్పట్లు కొట్టడానికి ఇంటిపేరు అక్కర్లేదు.

ద్వారకనాథ్ గారు మైకు అందుకున్నారు. ఓక్ వనాల గురించి, సింహం గురించి అరగంట మాట్లాడారు. అరవింద్ దొర చెవిలో ఇంగ్లీషులో చెబుతూ వచ్చాడు. దొర మొదట కళ్ళు చిట్లించాడు, తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు, చివరకు తనే లేచి మైకు తీసుకున్నాడు. అరవింద్ తెలుగు చేయసాగాడు.

"అడవులు లేవంట... సింహం కూడా లేదంట. ఓక్ బెరడు నిజమే అంట. ఆ బెరడు నానేసిన నీళ్ళల్లో వాళ్ళ పెద్దోళ్ళు... వాళ్ళ పెద్దోళ్ళు..."

అక్కడ అరవింద్‌కు తెలుగు రాకుండా పోయింది. దొరకు మాత్రం ఇంగ్లీషు వస్తూనే ఉంది. అందరికీ అర్థం కావాలని మైకు స్టాండుకు తగిలించి, రెండు చేతులతో చేసి చూపించాడు. పశువు తోలు ఒలవడం, సున్నం గుంతలో ముంచడం, దిమ్మ మీద పరచి వంకర కత్తితో వెంట్రుకలు గీకడం. ఆ కంపు భరించలేక తన వాళ్ళను ఊరి బయట, ఏటికి దిగువన ఉంచేవారని ముక్కు మూసుకుని మరీ చూపించాడు. తన తాత కూడా ఆ పనే చేశాడట. ఆ చేతులంటే తనకు గర్వమట. బయట షామియానా కింద మొదట గుసగుసలు లేచాయి, తర్వాత ఎవరూ అడగకుండానే చప్పట్లు.

లోపల ముందు వరసవాళ్ళు మాత్రం కుర్చీలు కాస్త వెనక్కి జరుపుకున్నారు. "అయ్యో, వెండి గ్లాసులో ఇచ్చేస్తినే," అని పుష్పవతమ్మ గారు అనడం మూడో వరసలో ఉన్న నాకు స్పష్టంగా వినిపించింది.

నాయకుడంటే ఎవరో అప్పుడు చూశాను. ద్వారకనాథ్ గారు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. ఆ క్షణంలో ఆయన కళ్ళ ముందు టమోటా తోట కదిలి ఉంటుందని గిట్టనివాళ్ళు అంటారు, నేను నమ్మను. కళ్ళు తెరిచి, నేరుగా వెళ్ళి దొరను కౌగలించుకున్నారు.

"ఇంటిపేరు చూసి మనిషిని ఎంచేది పాపం!" అని గర్జించారు. "ఈ దినం నుంచి మన మండపంలో ఎవురినీ ఇంటిపేరు అడగకూడదు! ఇది నా ఆర్డర్! కేశవప్పా, వింటివా?"

"వింటి సార్!"

దొర కళ్ళు తుడుచుకున్నాడు. స్థలం నచ్చిందన్నాడు. బయట వెంకటేశప్ప చప్పట్లు ఆపలేదు. పక్కవాళ్ళు ఆపిన తర్వాత కూడా ఆయన కొడుతూనే ఉన్నాడు. కాళమ్మ కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. నేను ఆ రాత్రే 'సూళగిరిలో సామాజిక విప్లవం' అని వార్త పంపాను. తెల్లారేసరికి గేటు మీద పాత అక్షరాలు పోయి, 'టానర్ సమత్వ మండపం' అని బంగారు రంగు అక్షరాలు వచ్చాయి. వెండి గ్లాసు కరగడానికి కంసాలి దగ్గరకు వెళ్ళింది.

విప్లవం తొలి ఫలం ఫోటో కావాలని మా ఎడిటర్ అడిగాడు. పొద్దున్నే మండపానికి వెళ్ళాను. వెంకటేశప్ప దంపతులు నాకంటే ముందే వచ్చి ఉన్నారు. కాళమ్మ పెళ్ళికని దాచుకున్న పట్టుచీర అప్పుడే కట్టేసింది. చేతిలో పళ్ళెం, అందులో తమలపాకులు, అరటిపళ్ళు. ఆకాశం మబ్బు పట్టి ఉంది.

కేశవప్ప లేచి ఎదురొచ్చాడు. స్వయంగా కుర్చీలు వేశాడు, ఫ్యాను కూడా వేశాడు. నేను ఫోను పైకెత్తాను.

"మా బిడ్డ పెండ్లికి హాలు కావాలప్పా," అన్నాడు వెంకటేశప్ప. "ఇంటిపేరు తోళ్ళ..."

కేశవప్ప గబుక్కున రెండు చెవులూ మూసుకున్నాడు. "చెప్పొద్దప్పా! నా చెవిలో పడకూడదు. ఆ దినం చెప్పింది కూడా మరిచిపోయినాను. సార్ ఆర్డర్ అంటే ఆర్డరే."

"దేవుడు నిన్ను చల్లగా చూడాలప్పా," అంది కాళమ్మ.

కేశవప్ప కూర్చుని, పెన్ను మూత తీసి, తేదీ రాసుకున్నాడు. పెళ్ళికూతురి పేరు రాసుకున్నాడు. పేరు చాలా బాగుందన్నాడు. తర్వాత తల ఎత్తకుండానే, ఎంతో మర్యాదగా అడిగాడు.

"యా వీధి మీది?"

వెంకటేశప్ప చెప్పాడు.

కేశవప్ప తలెత్తి సీలింగు వైపు చూశాడు.