బతికున్న బిషప్పుకు చావింటి దుంపలు

అది కాదే మనవరాలా, మా చర్చికొచ్చే ఆ ముసలాయన లవార్ చెడ్డవాడని కాదు. నోరు ఊరుకోదు, అంతే. ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చే దారంతా బిషప్పును దులిపేసేవాడు.

ఆ బిషప్పు ఓల్సెన్ చిన్నవాడు. అమెరికాలో మా యూటా లోయ చర్చిలో బిషప్పంటే జీతం లేని కొలువు. వారమంతా పైపులు బాగుచేసి, ఆదివారం టై కట్టుకుని ప్రసంగం చెప్పేవాడు.

నెల మొదటి ఆదివారం మా వాళ్లంతా ఉపవాసం. అలాంటి ఒక ఆదివారం పొద్దున లవార్ భార్య వెర్లా అంది, "తిండితోపాటు బిషప్పును అనడం కూడా మాను. మన యాభయ్యో పెళ్లిరోజుకి నాకిదే కావాలి. ఒక్క నెల."

"ఉంగరం కొంటానే. అదే సులువు."

"ప్రేమ ఉన్నచోట తప్పులెన్నడం ఉండదని సండే స్కూల్లో చెప్పేది ఎవరు?"

లవార్ దొరికిపోయాడు. మాటిచ్చేశాడు.

ఆ రోజు ప్రసంగం నోవహు గురించి. ఓడలోకి ఒంటెలు ఎక్కేసరికే ఉపవాసపు పొట్టల రొద బిషప్పు గొంతును మించిపోయింది. గుమ్మం దగ్గర స్త్రీల సంఘం పెద్ద నెడ్రా ఆశగా అడిగింది, "ఏం బ్రదర్ లవార్, ఎలా ఉందంటారు?"

లవార్ వెర్లా వైపు చూశాడు. "మంచి కుర్రాడమ్మా. దేవుడు చల్లగా చూడాలి."

నెడ్రా గుండె జారింది. చచ్చినవాళ్లను తప్ప ఎవర్నీ మెచ్చుకోని నోరది! "ఏమైంది ఆయనకి?"

"ఏమీ అడక్కు తల్లీ. వెర్లాకి మాటిచ్చాను."

నెడ్రా చెల్లెలికి చెప్పింది. చెల్లెలు ఆ కబురులోకి డాక్టర్లను చేర్చింది. చెల్లెలి అత్త ఆ డాక్టర్ల చేత చేతులెత్తించింది. మా వైపు ఎవరైనా పోతే ఆ ఇంటికి జున్ను వేసి వండిన బంగాళాదుంపలు పట్టుకెళ్తారు. ఉపవాసం విడిచే వేళకి బిషప్పు గుమ్మం నిండా దుంపల గిన్నెలే.

"పిల్లల గురించి దిగులొద్దు, మేమున్నాం" అని నెడ్రా ఏడ్చింది. "నా దగ్గర ఏం దాస్తున్నావు?" అని బిషప్పు భార్య మొగుణ్ని పట్టుకుని గొల్లుమంది.

బిషప్పు ఒక గిన్నె చంకన పెట్టుకుని లవార్ ఇంటికొచ్చాడు. "బ్రదర్ లవార్, నా జబ్బేంటో మీకు తెలుసట. కాస్త నాకూ చెప్పండి."

లవార్ సంగతంతా కక్కేశాడు. బిషప్పు కుర్చీలో కూలబడ్డాడు. "నా ప్రసంగాన్ని తిట్టేది మీరొక్కరే, ఆ తిట్లు నా చెవిదాకా వచ్చేవి. చివరిదాకా వినేదీ మీరొక్కరేనని దాంతోనే తెలిసేది. ఇవాళ మీరూ తిట్టలేదని విని, ఇక వినేవాళ్లే లేరు, ఈ పని మానేద్దామనుకున్నాను."

లవార్ తన కుర్చీ బిషప్పు దగ్గరికి లాక్కున్నాడు. "నిరుడు చలిలో మా పైపు పగిలితే, ఇంటి కింద మంచునీళ్లలో పాకింది నువ్వేగా. ఆ మాట చర్చి గుమ్మం దగ్గర ఒక్కనాడూ అనలేదు నేను. వచ్చే ఆదివారం అంటాను. మానకు నాయనా."

"మరి ప్రసంగం ఎలా ఉంది?"

లవార్ నోరు తెరిచాడు, భార్యను చూసి మూసుకున్నాడు. వెర్లా బిషప్పు ముందు దుంపల పళ్లెం పెట్టి, పక్కన కూర్చుంది.

"మాటిచ్చింది ఆయన, నేను కాదు. బాబూ, ఆ ఓడలోకి జంతువులన్నిటినీ పేరుపేరునా ఎక్కించక్కర్లేదు."

ఈ ఉత్తరం మీ బాబాయికి చదివి వినిపించవే. వాళ్ల బిషప్పు ప్రార్థన మరీ పొడుగని నిన్న ఫోనులో నాతో అన్నాడు. అనేదేదో ఆయన ఎదుటే అనమను, దుంపలు పట్టుకెళ్లి.