ఖాళీ ర్యాకులో డేగకన్ను

"ఈ లోకంలో నేరస్తులు రెండే రకాలు బావా! నాకు దొరికినవాళ్లు, నాకు దొరకబోయేవాళ్లు!"

బావమరిది ఆ మాటని భూతద్దం తుడుచుకుంటూ అన్నాడు. మొదటి రకంలో ఇంతవరకూ ఒక్కడూ లేడని మేనేజరుకి తెలుసు. కానీ ఆ రోజు ఆయన ప్రాణం ప్రాణంలో లేదు.

ఆయన చూసుకునేది ఒక డేటా సెంటరు. అంటే మరేం లేదు, జనం ఫోన్లలో తీసుకున్న ఫొటోలూ బ్యాంకుల లెక్కలూ మోసే కంప్యూటర్లు, బీరువాల్లాంటి ర్యాకుల్లో రాత్రింబవళ్లు గుర్రుపెట్టే హాలు. వాటికి వేడెక్కువ. వాటిని చల్లార్చే ఏసీలకి ఆకలెక్కువ. కరెంటు వాడకం తగ్గించి చూపిస్తే కొత్త ఏసీల ఖర్చులో సగం తామే భరిస్తామని కరెంటు కంపెనీ మాటిచ్చింది. మేనేజరు యజమాని కాళ్లావేళ్లా పడి కొత్త ఏసీలు కొనిపించాడు. దండగని పాత కంప్యూటర్లు కొన్ని పీకించేశాడు కూడా. తీరా చూస్తే వాడకం తగ్గలేదు సరికదా, పెరిగింది! ఇవాళ కరెంటు కంపెనీ ఇంజనీరు కొలతకి వస్తోంది. ఆవిడ పెదవి విరిస్తే నీ ఉద్యోగం కూడా పీకేస్తానని యజమాని తేల్చి చెప్పాడు.

"ఇది కరెంటు దొంగతనం," అన్నాడు డేగకన్ను. డిటెక్టివునని చెప్పుకు తిరిగే బావమరిది ఆ బిరుదు తనకి తానే ఇచ్చుకున్నాడు. "అయినా కరెంటు అమ్ముకునేవాడు, తక్కువ కొనండి బాబూ అని ఎదురు డబ్బులిస్తాడా? దీని వెనక అంతర్జాతీయ కుట్ర ఉంది!"

"కుట్రా లేదు, గిట్రా లేదు. అందరూ ఎడాపెడా వాడేస్తే వాళ్లు కొత్త పవర్‌ప్లాంటు కట్టుకోవాలి. దానికంటే మాకిచ్చేదే చవక."

"నిన్నలా నమ్మించారన్నమాట!"

హాల్లో ఏసీ మెకానిక్కు కనిపించాడు. డేగకన్ను ఎండాకాలంలో కూడా విప్పని తన పొడుగు కోటు కాలరు పైకెత్తి, అతని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"స్వెట్టరెందుకు వేసుకున్నావ్?"

"చలి సార్."

"చలెందుకేస్తోంది?"

"ఏసీ సార్."

"ఏసీ తిప్పేదెవరు?"

"నేనే సార్."

డేగకన్ను గిర్రున వెనక్కి తిరిగాడు. "బావా, ఒప్పేసుకున్నాడు!"

మేనేజరు తల పట్టుకున్నాడు. "మీ అక్క మొహం చూసి ఊరుకుంటున్నానురా. ఆ ఇంజనీరమ్మ వెళ్లేదాకా ఎక్కడైనా కనపడకుండా తగలడు."

కనపడకుండా ఉండమంటే రహస్య నిఘా అని అర్థం చేసుకున్నాడు డేగకన్ను. పాత కంప్యూటర్లు పీకేసిన ర్యాకు ఒకటి ముందూ వెనకా తలుపుల్లేకుండా నోరు తెరుచుకుని ఉంది. కోటుతో సహా అందులో ఇరుక్కున్నాడు.

ఇంజనీరు వచ్చి, కరెంటు వాడకం చూపించే గోడమీది తెర ముందు నిలబడింది. మేనేజరు కళ్లు మూసుకున్నాడు.

"ఫరవాలేదే, దిగుతోంది!" అందావిడ.

ఆయన నమ్మలేక ఒక కన్ను తెరిచాడు. నిజంగానే అంకె దిగుతోంది! ఇల్లాలికి ఫోన్ చేసి ఏడవాలనిపించేంత సంతోషం కలిగింది.

అంతలో మెకానిక్కు జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

"ఆయుధం!" అని అరుస్తూ ర్యాకులోంచి అతని మీదికి దూకాడు డేగకన్ను. ఇద్దరూ నేలమీద పడ్డారు. తెరమీద అంకె పైకి లేచింది.

ఇంజనీరు తెరనీ, డేగకన్నునీ మార్చి మార్చి చూసింది. "ఇంతసేపూ ఎక్కడున్నారు మీరు?"

"అది పరమ రహస్యం."

"ఆ రహస్యంలోకి మళ్లీ ఓసారి వెళ్లండి."

వెళ్లాడు. కాసేపటికి అంకె దిగింది. రమ్మంది, వచ్చాడు. మళ్లీ ఎక్కింది.

ఆవిడకి నవ్వాగలేదు. "కంప్యూటర్లు పీకి, కన్నం అలాగే వదిలేశారా? కంప్యూటర్లు వెనక వదిలే వేడిగాలంతా అందులోంచే ముందుకొస్తోంది. మీ ఏసీలు చల్లార్చిన గాలినే మళ్లీ మళ్లీ చల్లారుస్తున్నాయి. రేకులు బిగించి కన్నం మూయించండి, నేనుండి కొలిచే వెళ్తాను."

మెకానిక్కు రేకుల కోసం స్టోరుకి పరిగెత్తాడు. మేనేజరు మొహం సిగ్గుతో కందిపోయింది. పొదుపు పేరుతో ఆ కన్నం పెట్టించింది తనే మరి. డేగకన్ను భూతద్దంలోంచి ఆ మొహాన్ని చూసి కొయ్యబారిపోయాడు.

"అంటే... నేరస్తుడివి నువ్వా బావా! అక్కకి ఏం చెప్పుకోను? చేతులు చాపు, నిన్ను అరెస్టు చేస్తున్నాను!"

మేనేజరు చేతులు చాపలేదు, జోడించాడు. తెరమీద అంకె మళ్లీ ఎక్కుతోంది.

"రేకులొచ్చాక చేద్దువుగాని నాయనా. ఈలోగా ఆ ర్యాకులోకెళ్లి, కోటు గుండీలు విప్పి, కాస్త వెడల్పుగా నిలబడు."