మంత్రిగారు – ఎలుకల ఊపిరితిత్తులు

వచ్చే ఎన్నికల నాటికి ఈ దేశంలో పాత ఊపిరితిత్తులంటూ ఉండవనీ, అందరికీ కొత్తవే ఉంటాయనీ ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించారు. హాలు దద్దరిల్లిపోయింది. ఆ ప్రసంగం రాసింది నేనే గానీ, నేనూ చప్పట్లు ఆపుకోలేకపోయాను.

ఈ శుభవార్తకు మూలం ఎలుకలు. ప్రభుత్వ పరిశోధనశాలలో ఒక డాక్టరమ్మ ఎలుకలకు పొగ పట్టించి, ఊపిరితిత్తులు పాడయ్యాక వాటికి మూలకణాలు ఎక్కించి చూస్తున్నారు. ఆ కణాలు లోపలి వాపు తగ్గించి, మరమ్మతుకు సాయపడతాయట. కొన్ని ఎలుకలు కోలుకున్నాయని పేపర్లో చిన్న వార్త పడింది. చిన్న వార్తను చిన్నగా వదిలేసే మనిషి కాదు మా మంత్రిగారు.

మర్నాడే ల్యాబుకు బయల్దేరాం. నాకు సొంత ఆశ కూడా ఉంది. మా మామగారి ఇల్లు ఫ్యాక్టరీ పొగగొట్టం కింది వీధిలోనే. అక్కడ తెల్లచొక్కా ఆరేస్తే బూడిదరంగు చొక్కా తీసుకోవాలి. మామగారు మంచం మీంచి లేచి గుమ్మం దాకా వచ్చి, పొరుగూరు నడిచొచ్చినట్టు రొప్పుతారు.

"అల్లుడూ, ఆ సూదేదో నాకూ వేయించవయ్యా. ఒక్కసారి గుండెనిండా గాలి పీల్చుకుంటే చాలు" అని పొద్దున్నే చెప్పి పంపారు.

ల్యాబులో మంత్రిగారు పంజరంలోకి తొంగిచూశారు.

"లబ్ధిదారులు వీళ్లేనా?"

"ఎలుకలండీ" అన్నారు డాక్టరమ్మ.

"మనుషులకెప్పుడు?"

"ఇంకా చాలా పరీక్షలు చెయ్యాలి సార్. ఎలుకలో పనిచేసింది మనిషిలోనూ పనిచేస్తుందని ఇప్పుడే చెప్పలేం."

"చెప్పడం మేం చూసుకుంటాం. మీరు చెయ్యండి."

ఇంత చక్కటి పనుల పంపకం నేనెక్కడా చూడలేదు.

డాక్టరమ్మ పక్క పంజరం చూపించారు. అందులో ఎలుకలు ఓ మూల పడి డొక్కలెగరేస్తున్నాయి.

"వీటికీ అవే కణాలు ఎక్కించాం సార్. కానీ పొగ ఆపలేదు. అందుకే బాగుపడలేదు. ముందు పొగ ఆపాలి, ఆ తర్వాతే మందు."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "అయ్యో, నోరులేని ప్రాణులు! వెంటనే పొగ ఆపాలి" అన్నారు.

నాకు కాళ్లు నేలమీద ఆగలేదు. వరండాలోకి పరుగెత్తి ఫోన్ చేశాను.

"మామయ్యా, పొగ ఆపేస్తున్నారు!"

అవతల సంతోషంతో మొదలైన దగ్గు తగ్గేదాకా ఫోన్ పట్టుకుని నిలబడ్డాను.

మంత్రిగారు మాట తప్పలేదు. ఆ వారమే ఉత్తర్వు వచ్చింది. ఎలుకలకు పొగ పట్టించడం క్రూరత్వం గనుక నిషేధం. ఫ్యాక్టరీ యజమాని కదిలిపోయి, సభపెట్టి మంత్రిగారికి 'కరుణామూర్తి' బిరుదు ఇచ్చారు. అదే వేదిక మీద మంత్రిగారు రెండో పొగగొట్టానికి అనుమతి ఇచ్చారు. ఆ ప్రసంగమూ నాదే.

డాక్టరమ్మ ఉత్తర్వు పట్టుకుని ఆఫీసుకొచ్చారు.

"ఎలుకలకు జబ్బు రానివ్వకపోతే మందు ఎవరి మీద చూడాలి సార్?"

మంత్రిగారు సీలింగు ఫ్యాను వంక చూసి ఆలోచించారు. ఆయన ఆలోచిస్తే నాకు భయం. నావైపు తిరిగారు.

"మీ మామగారి వీధిలో పొగ ఎలా ఉంటుందోయ్?"

"దానికేం లోటు సార్, పుష్కలంగా ఉంటుంది."

"జబ్బు?"

"ఇంటింటికీ ఉంది సార్."

"చూశారా డాక్టరమ్మా! అన్నీ రెడీమేడ్. పంజరాలు కూడా అక్కర్లేదు."

"వాళ్లు మనుషులు సార్!" అన్నారామె. "ముందు ఆ ఫ్యాక్టరీ పొగ ఆపించండి. అది ఆపకుండా ఏ మందు వేసినా దండగే."

"పొగ ఆపితే జబ్బెలా వస్తుందమ్మా? సైన్సు చదువుకున్నవాళ్లు, మీరే ఇలా మాట్లాడితే ఎలా?"

ఆమె ఆ పూటే రాజీనామా ఇచ్చి వెళ్లిపోయారు. పరిశోధన ఆగకూడదు కదా, ఆ కుర్చీలో ఫ్యాక్టరీ మేనేజరుగారిని కూర్చోబెట్టారు.

నాలుగు రోజులకు మామగారి వీధి మొదట్లో కొత్త బోర్డు లేచింది. చూస్తానని ఆయన పట్టుబట్టారు. నా భుజం మీద చెయ్యేసి, ఇంటికోసారి ఆగుతూ అక్కడిదాకా వచ్చారు. కళ్లజోడు సర్దుకుని, కూడబలుక్కుని పైకి చదివారు.

"ఇచట పరిశోధన... జరుగుచున్నది. పొగకు... అంతరాయము... కలిగించరాదు."