బ్రీసా కూర్చుంది

ఆ ఆదివారం నీదియా వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే కుక్కకు స్నానం చేయించాలి. సంత నుంచి వేడివేడి చీజు బన్నులు తేవాలి. బొగొటా బస్సులో వచ్చే కెప్టెన్ గారికి కాఫీతో పాటు అవి పెట్టి, ఆవిడ చేత సంతకం పెట్టించుకోవాలి. అంతే.

"ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుంది చెప్పు?" అని భర్తను అడిగింది.

పెళ్ళయి రెండు నెలలే అయింది కనుక ఫెర్నెయ్ ఆమె ఏమన్నా "నిజమే" అనేవాడు. ఇప్పుడూ అదే అన్నాడు.

కుక్క పేరు బ్రీసా. తేనెరంగు లాబ్రడార్. మూతి చుట్టూ బాగా నెరిసింది, చలి పెరిగితే వెనక కాళ్ళు పట్టేస్తాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ సైనికుల ముందు నడిచి, కొండవాలుల్లో పాతిన మందుపాతరలను వాసనతో కనిపెట్టింది. అది నడిచిన నేలలో ఇప్పుడు బంగాళాదుంపలు పండుతున్నాయి. దాన్ని వెంట తిప్పిన సైనికుడు ఉద్యోగం మానేసి వెళ్తూ, "ఇల్లు దొరకగానే వచ్చి తీసుకెళ్తా" అన్నాడు. ఇల్లు దొరికింది, కాని కుక్కల్ని రానివ్వని ఇల్లు. ఆ తర్వాత శిబిరంలో దత్తత మేళా పెట్టినప్పుడల్లా జనం వచ్చి కుర్ర కుక్కల్ని ఏరుకుని పోయేవారు. పొద్దున బ్రీసా మెడకు కట్టిన రిబ్బను సాయంత్రం విప్పేసేవారు.

మేళా ప్రకటనలో రిబ్బనుతో ఉన్న దాని ఫొటో చూసే నీదియా సముద్రం ఒడ్డున జరగాల్సిన హనీమూన్‌ను వాయిదా వేసింది. కొత్త దంపతులు హనీమూన్‌కి కుక్కల శిబిరానికి వెళ్ళారని ఊరంతా నవ్వుకుంది. తిరుగు బస్సులో బ్రీసా సగం నీదియా ఒళ్ళోనూ సగం ఫెర్నెయ్ ఒళ్ళోనూ పడుకుని గురక పెట్టింది. ఇంతకన్నా మంచి హనీమూన్ ఎవరికి జరిగి ఉంటుందని వాళ్ళిద్దరి నమ్మకం.

అయితే బ్రీసా ఇంకా పూర్తిగా వాళ్ళది కాలేదు. కొన్నాళ్ళు ఉంచుకున్నాక సైన్యం పశువైద్యురాలు కెప్టెన్ పుల్గారీన్ స్వయంగా వచ్చి చూస్తారు. ఇల్లు ప్రశాంతంగా ఉందనీ, కుక్క జనం మధ్య స్థిమితంగా ఉందనీ అనిపిస్తే సంతకం పెడతారు. లేకపోతే వెనక్కి తీసుకుపోతారు. శిబిరంలో తిండికి లోటుండదు. కాని అక్కడ అది ఎవరికీ ఏమీ కాదు.

దంపతులుండేది నీదియా పుట్టింట్లోనే. ఆ ఇంటి పెద్ద దోన్ అననీయాస్‌కు లోకంలో రెండంటే ప్రాణం: కూతురు, తేహో ఆట. దూరం నుంచి ఇనుప బిళ్ళ విసిరి, మట్టి పెట్టెలో గుచ్చిన తుపాకిమందు పొట్లాన్ని కొట్టాలి. తగిలితే ఢామ్మని పేలుతుంది. పేలితే పాయింటు, పాయింటొస్తే బీరు. ఆ పొట్లాలనే మెచ్చాలంటారు. కూతురి పెళ్ళినాడు, చర్చి మెట్ల మీద పెళ్ళికూతురు ఎదురుచూస్తూ ఉండగా, ఆయన మోకాళ్ళ దాకా బంకమట్టితో, సగం కాలిన మీసంతో వచ్చాడు. ఆ సాయంత్రమే భార్య దోన్యా రోసాల్బా ఆయన చేత మరియమ్మ పటం ముందు ఒట్టు వేయించింది, ఇక జన్మలో తేహో ముట్టనని. అప్పటి నుంచి దోన్ అననీయాస్ రోజూ సాయంత్రం ఉన్ని రువానా కప్పుకుని, గుండెకి మంచిదంటూ వాకింగ్‌కి వెళ్తున్నాడు.

ఆ ఉదయం ఆయన మొక్కజొన్న రొట్టె చేత్తో పట్టుకుని బల్ల ముందు కూర్చోగానే బ్రీసా వచ్చింది. రువానా అంచు వాసన చూసింది. ఆయన ఎదురుగా బిగుసుకుని కూర్చుంది.

"చూడు చూడు! నాన్నకి సెల్యూట్ కొడుతోంది!" నీదియా చప్పట్లు కొట్టింది.

"మామయ్యకి కాదు, ఆయన చేతిలో రొట్టెకి," అన్నాడు ఫెర్నెయ్.

దోన్ అననీయాస్ రొట్టె మొత్తం కింద పడేశాడు. బ్రీసా దాని వంక కూడా చూడలేదు. రొట్టె వంక చూడని లాబ్రడార్ కనిపిస్తే ఎవరైనా ఒక్క క్షణం ఆలోచించాలి. కాని ఆ ఇంట్లో ఆలోచించగల వాళ్ళిద్దరూ అప్పుడు ఒకరినొకరు చూసుకుంటున్నారు.

"ఏంటండీ, అలా పాలిపోయారు?" అంది దోన్యా రోసాల్బా.

"చలి," అంటూ ఆయన లేచి తలుపు వెనక్కి వెళ్ళాడు. నిన్న సాయంత్రం వాకింగ్‌లో మిగిలిన మెచ్చాలు రువానా జేబులోనే ఉన్నాయి. తేహో మైదానంలో ఇచ్చేవి చెమ్మగా ఉంటాయని ఆయన సొంతంగా మంచివి కొనుక్కునేవాడు. చేతికి తగిలిన మొదటి చోట, గోడకు వేలాడుతున్న బుట్టలో, అడుగున పరిచిన గుడ్డ కింద వాటిని దోపేశాడు. రోసాల్బా వంటింట్లోకి వెళ్ళగానే తీసేస్తే సరి అనుకున్నాడు.

రోసాల్బా వెళ్ళలేదు. అల్లుడి కాలరు సరిచేసింది, కుక్క మెడపట్టీ సరిచేసింది, చివరికి భర్త చేతికి చీపురిచ్చి పెరట్లోకి పంపింది. ఆయన తిరిగొచ్చేసరికి దంపతులు, కుక్క, బుట్ట నాలుగూ సంతకు వెళ్ళిపోయాయి.

చర్చి ముందున్న చౌక్ అంతా సందడిగా ఉంది. దోన్యా ఎదువీహెస్ బన్నుల బల్ల మీద నీదియా బుట్ట పెట్టింది. కూతురు వరస పిల్లకని ఆవిడ రెండు ఎక్కువే వేసి బుట్ట నింపింది. బ్రీసా ముక్కెత్తి గాలి పీల్చింది. బల్ల ముందు కూర్చుంది.

"పదవే తల్లీ, కెప్టెన్ గారొచ్చే వేళయింది," అని నీదియా పట్టీ లాగింది. కదల్లేదు.

"నీ కుక్క నా బన్నులకి కాపలా కాస్తోందేమిటే?" అంది ఎదువీహెస్.

"కాళ్ళు పట్టేసినట్టున్నాయి పిన్నీ."

ఫెర్నెయ్ బ్రీసాను రెండు చేతులా ఎత్తి, ఆయాసపడుతూ ఫౌంటెన్ దాకా మోసుకెళ్ళి దింపాడు. అది కుంటుకుంటూ వెనక్కి వచ్చి సరిగ్గా అదే చోట కూర్చుంది. అతను మళ్ళీ మోశాడు. అది మళ్ళీ వచ్చింది. చుట్టూ జనం మూగారు.

"సైన్యం కుక్క మనల్ని కాపాడుతుందన్నారు, ఇదేంటి అల్లుడూ, నువ్వు దాన్ని మోస్తున్నావ్!" అంది ఎదువీహెస్. "ఇంతకీ సైన్యంలో దీని పనేంటి?"

"బాంబులు వెతకడం పిన్నీ," అన్నాడు ఫెర్నెయ్ గర్వంగా, చెమట తుడుచుకుంటూ. "దొరికితే మొరగదు, గీరదు. ఇదిగో, ఇలాగే కదలకుండా కూర్చుం..."

మాట పూర్తవక ముందే అతనికి అర్థమైంది. అయితే ఎదువీహెస్‌కు ఇంకా ముందే అర్థమైంది.

"బాంబు!"

ఆ ఊళ్ళో ఆ మాట విని ఊరికే నిలబడే వాళ్ళెవరూ లేరు. చౌక్ అవతలి మూలకు చేరేసరికి ఒక బాంబు మూడైంది. మార్కెట్టు వీధికి పాకేసరికి చర్చి కింద లారీ నిండా ఉన్నాయని తేలింది. పాద్రీగారు ఎవరికీ గుర్తున్నంతలో అతి పొట్టి ఆశీర్వాదంతో పూజ ముగించారు. బ్యాండు మేళం వాళ్ళు పెద్ద బాకాను బెంచీ మీదే వదిలి పరుగెత్తారు. పోలీసు అధికారి ఒబాందో ఎవరి పెరట్లోంచో బట్టలారేసే తాడు తెచ్చి చౌక్ చుట్టూ కట్టించాడు. దాని మీద ఇంకా రెండు మేజోళ్ళు వేలాడుతున్నాయి. చౌక్ మధ్యలో బ్రీసా ఒక్కతే మిగిలింది, బుట్టకేసి చూస్తూ, ఎంతో తృప్తిగా.

సరిగ్గా అప్పుడే బొగొటా బస్సు వచ్చి ఆగింది.

కెప్టెన్ పుల్గారీన్ బస్సు దిగి తాడును చూసింది, మేజోళ్ళను చూసింది, తను చూడ్డానికి వచ్చిన కుక్కను చూసింది.

"ప్రశాంతమైన ఇల్లు అన్నారు," అంది.

"ఇల్లు ప్రశాంతంగానే ఉందండీ," అన్నాడు ఫెర్నెయ్. "ఇది సంత కదా."

"బుట్ట ఎవరిది?"

"నాదేనండీ!" నీదియా ముందుకొచ్చింది. "నిన్ననే కడిగి ఆరబెట్టా. కొత్త గుడ్డ పరిచా. అందులో బన్నులు తప్ప ఏమీ లేవు, ఒట్టు! నేనే వెళ్ళి తీసి చూపిస్తా."

"ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు," అన్నాడు ఒబాందో. "తుంహా పట్నం నుంచి బాంబు నిపుణులు రావాలి."

కెప్టెన్ నీదియాను పక్కకు పిలిచింది. గొంతు తగ్గించింది. "బుట్టలో ఏమీ లేదని నీకు అంత నమ్మకమా?"

"నా ప్రాణమంత నమ్మకం."

"అయితే నా పని కష్టమైందమ్మా. ముసలి కుక్కలకి కొన్నిటికి ఇలా అవుతుంది. ఏమీ లేకపోయినా పాత పని గుర్తొచ్చి కూర్చుండిపోతాయి. ఇలాంటి కుక్కని జనం మధ్య వదల్లేను. ఈ బస్సులోనే తీసుకెళ్ళాలి."

నీదియాకు కుక్కను కాపాడాలని తను గట్టిగా చెప్పిన ప్రతి మాటా కుక్కకే తగిలిందని తెలిసింది. బుట్టలో బాంబు ఉంటే ఎంత బాగుండునని ఆ క్షణంలో లోకంలో ఆమె ఒక్కతే మనసారా కోరుకుంది. ఫెర్నెయ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నిజమే" అనడానికి ఇక్కడ ఏమీ దొరకలేదతనికి.

కేకలు విని చీపురుతోనే పరుగెత్తుకొచ్చిన దోన్ అననీయాస్, భార్య పక్కన తాడుకు ఇవతల నిలబడి ఇదంతా విన్నాడు.

"పాపం, దానికి మతి పోయింది," అంది దోన్యా రోసాల్బా కళ్ళొత్తుకుంటూ.

"పోలేదు."

"ఏంటండీ?"

"దాని మతి శుభ్రంగా ఉంది రోసాల్బా. నాదే పోయింది. ఈ చీపురు పట్టుకో. కొడితే తర్వాత కొడుదువుగాని."

ఆయన తాడు కింద నుంచి దూరాడు. జనం కెవ్వుమన్నారు. "మామయ్యా, ఆగండి!" అని ఫెర్నెయ్ అరిచాడు. ఒబాందో ఈల ఊదాడు కాని తాడు దాటి రాలేదు. దోన్ అననీయాస్ బుట్ట దగ్గరికి వెళ్ళి బన్నులు తీసి బల్ల మీద పెట్టాడు, గుడ్డ ఎత్తాడు, గులాబీరంగు కాగితం పొట్లాలను అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించాడు.

"మెచ్చాలు," అన్నాడు. "నావే. ఒట్టు వేసిన మర్నాటి నుంచీ ఆడుతూనే ఉన్నా. కుక్క మాత్రం అబద్ధం చెప్పలేదు."

కెప్టెన్ పుల్గారీన్ నడుచుకుంటూ వెళ్ళి పొట్లాలను చూసింది, బన్నులను చూసింది, మోకాళ్ళ మీద కూర్చుంది. జేబులోంచి ఒక రబ్బరు బంతి తీసి బ్రీసా నోటికి అందించింది. పని చక్కగా చేసిన సైన్యం కుక్కకు జీతమంటే అదే. బ్రీసా తోక నేల మీద టపటపా కొట్టుకుంది.

"ఇంత చిటికెడు మందు! గుడ్డ కింద, అన్ని చీజు బన్నుల కింద, సంతంత కంపు మధ్య!" అంది కెప్టెన్. "మా కుర్ర కుక్కల్లో సగం ఈ వాసన పట్టలేకపోయేవి. బ్రీసాకి అంతా బాగానే ఉంది." అంతలోనే ముఖం గంభీరంగా పెట్టింది. "బాగాలేనిది మీ ఇల్లే. మందుగుండు దాచే ఇంట్లో దీనికి విశ్రాంతి ఎక్కడిది? ముక్కు పనిలోనే ఉంటుందిగా."

దోన్యా రోసాల్బా తాడు ఎత్తి లోపలికి వచ్చింది. భర్త వంక చూసిన చూపుకి ఆయన మీసం రెండోసారి కాలినట్టయింది.

"కెప్టెన్ గారూ, ఈ మనిషి సంగతి నేను చూసుకుంటా. గుండెకి మంచిదట, వాకింగట! ఇక మీద మా ఇంటి గడపలోకి ఒక్క మెచ్చా రాదు. ఈ రోసాల్బా హామీ ఇస్తోంది. నా మాట మీద పెట్టండి సంతకం."

కెప్టెన్ కలం తీసింది.

బ్రీసా లేచింది. బంతిని నోట్లోనే పెట్టుకుని, కుంటుకుంటూ వచ్చి, దోన్యా రోసాల్బా చేతిసంచీని ఈ వైపు, ఆ వైపు వాసన చూసింది. ఆమె ముందు కూర్చుంది.

"అలిసిపోయినట్టుంది పాపం," అంది దోన్యా రోసాల్బా.

బ్రీసా కదల్లేదు. బన్నుల బల్ల వెనక దోన్యా ఎదువీహెస్ హఠాత్తుగా బన్నులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"అమ్మా," అంది నీదియా, "సంచీ తెరువు."

సంచీలో జపమాల ఉంది, కళ్ళజోడు ఉంది, నీలంరంగు కాగితంలో చుట్టిన మెచ్చాలు ఉన్నాయి.

"గురువారాలు ఎదువీహెస్ వాళ్ళ పెరట్లో ఆడవాళ్ళం..." రోసాల్బా గొంతు సర్దుకుంది. "అసలు ఆ దిక్కుమాలిన ఆటలో అంత ఏముందో తెలుసుకుందామని ఒకసారి వెళ్ళా."

"ఏముంది?" దోన్ అననీయాస్ ఆత్రంగా అడిగాడు.

ఆమె కొంచెంసేపు ఆయన వంక చూసింది. "పేలినప్పుడు బావుంటుందండీ," అంది.

ఆయన ముఖం వెలిగిపోయింది. అమ్మతో పెళ్ళినాటి ఫొటోలో కూడా ఆయన అంత ఆనందంగా లేడని నీదియా తర్వాత చాలామందికి చెప్పింది.

"ఇద్దరూ దాచుకోవాల్సొచ్చి కదండీ ఇంటికి తెచ్చారు," అంది నీదియా కెప్టెన్ వైపు తిరిగి, గుక్క తిప్పుకోకుండా. "ఇప్పుడు దాచేదేముంది? మెచ్చాలు మైదానంలోనే ఉంటాయి, వీళ్ళిద్దరూ అక్కడికే వెళ్తారు, మేం ముగ్గురం ఇంట్లో ఉంటాం."

"నిజమే," అన్నాడు ఫెర్నెయ్, ఎంతో ఊరటగా.

కెప్టెన్ పుల్గారీన్ చాలాసేపటి నుంచి ఆపుకుంటున్న నవ్వు ఇక ఆగలేదు. బాకా ఉన్న బెంచీ మీద కాగితం ఆనించి సంతకం పెట్టింది. "ఈ ఇంట్లో ఇక ఎవరూ ఏమీ దాచలేరు. ఇంతకన్నా క్షేమమైన ఇల్లు నేను చూళ్ళేదు. తీసుకోమ్మా, బ్రీసా ఇక మీది."

నీదియా కుక్కను వాటేసుకుంది. ఫెర్నెయ్ ఇద్దరినీ వాటేసుకున్నాడు. తాడు విప్పేయగానే జనం నవ్వుతూ, కేకలేస్తూ, ఒకరినొకరు తోసుకుంటూ బ్రీసాను దగ్గరగా చూడ్డానికి చౌక్‌లోకి వచ్చారు. బ్రీసా లేచి ఒళ్ళు విరుచుకుని, ముక్కు ఎత్తి గాలి పీల్చింది.

సంతలో ఉన్న మగవాళ్ళలో సగం మందికీ, ఆడవాళ్ళలో అంతకంటే కాస్త ఎక్కువ మందికీ ఒక్కసారిగా ఇంట్లో పనులు గుర్తొచ్చాయి.