అధికారిగారి మోకాలు

"మనిషి అబద్ధమాడవచ్చు, మనిషి మోకాలు అబద్ధమాడవచ్చు, ఎమ్మారై మాత్రం ఆడదు!" అని మా రికార్డుల ఆఫీసు పెద్ద అధికారిగారు సోమవారం ఉదయం పదిన్నరకు సెలవిచ్చారు. 'సారు సెలవిచ్చారు' అన్న మాట చెవిన పడగానే సగం మంది సంచులు సర్దుకున్నారు గాని, ఆయన ఇచ్చింది ఆ సెలవు కాదు.

మాది నాలుగంతస్తుల ఆఫీసు. లిఫ్టు ఒక్కటే. నలుగురు ఎక్కితే మూలుగుతుంది, ఐదో మనిషి ఎక్కితే అలుగుతుంది. అందుకని "మోకాలి జబ్బు ఉన్నవారికే లిఫ్టు" అని పోయిన నెల ఉత్తర్వు వేశారు. ఏం చెప్పమంటారు! వారం తిరిగేసరికి ఇరవై ముగ్గురిలో పంతొమ్మిది మంది కుంటుతున్నారు. టైపిస్టు ఉదయం కుడికాలు కుంటేది, సాయంత్రం ఎడమకాలు. అదేమిటమ్మా అంటే, "రెండు కాళ్లకీ న్యాయం చెయ్యొద్దా?" అంది. నేనూ కుంటాను. హెడ్ గుమాస్తాను! కింది వాళ్లంతా కుంటుతూ ఉంటే నేను తిన్నగా నడిస్తే హోదా ఏం కావాలి?

లిఫ్టు అడగని వాళ్లలో మెట్లమ్మ ఒకతె. రోజూ నాలుగంతస్తుల మెట్లూ మోకాళ్ల మీద కూర్చుని తుడుస్తుంది కనుక ఆ పేరు. లేచేటప్పుడు మాత్రం పక్క కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకుని ఒక నిమిషం ఆగేది. ఆమెకు లిఫ్టు ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. లిఫ్టులో నిలబడి మెట్లు తుడవడం కుదరదు కదా!

దొంగ కుంటివాళ్లను ఏరేయడానికే అధికారిగారు ఈ ఎమ్మారై స్కానింగు నిబంధన తెచ్చిపెట్టారు. "ఎక్స్‌రేలు తెస్తే చెల్లవు. అందులో ఎముకలే కనబడతాయి. ఎముకల మధ్య గుజ్జు అరిగిందో లేదో ఎమ్మారైలోనే తేలుతుంది. ఆ రిపోర్టు మీద కేంద్ర కార్యాలయం డాక్టరు సంతకం పెడితేనే లిఫ్టు!" అన్నారు.

మర్నాటికి పదిహేడు మోకాళ్లు మందూ మాకూ లేకుండా నయమయ్యాయి. మిగిలింది అధికారిగారూ, నేనూ. ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పాను.

"మోకాలికి స్కానింగా? తప్పకుండా తీయించుకోండి. మీ బుర్ర అక్కడే ఉందని ముప్పై ఏళ్లుగా చెప్తున్నాను, నమ్మారా?" అంది.

నాకూ అక్కడికక్కడే నయమైపోయింది.

ఇక మిగిలింది అధికారిగారు. కుర్రతనంలో ఫుట్‌బాల్ ఆడి మోకాలు పోగొట్టుకున్నానని ఆయన ఆఫీసంతా చాటుకున్నారు. ఇప్పుడు వెనక్కి తగ్గితే పరువేం కాను? నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసి, ఆ మూల నుంచి ఈ మూలకు సుబ్బరంగా పచార్లు చేశారు.

"చూడవయ్యా, నాకు నొప్పి ఉన్నమాట నిజమే. కానీ అది ఫోటోకి దొరికే రకం కాదేమోనని అనుమానం."

"చిత్తం."

"మన మెట్లమ్మ మోకాళ్లెలా ఉంటాయి?"

"లేస్తే పటపటమంటాయి సార్."

"వయసు?"

"తమ ఈడే. యాభై నాలుగు."

"చూశావా, ఎలా కలిసొచ్చిందో!" అన్నారు.

మా సారుది ఆడవాళ్లకీ మగవాళ్లకీ కూడా చెల్లే పేరు. అదే మాకు కొండంత ధైర్యం.

మెట్లమ్మను స్కానింగు సెంటరుకు తీసుకెళ్లాను. "నీ మోకాలికి ఫోటో తీస్తారు" అంటే, "ముఖానికే ఎవరూ తీయలేదు బాబూ!" అని మురిసిపోయింది. లోపలి నుంచి సారు పేరు పిలిచారు. నేను ఆమెను లేపాను.

"అది అయ్యగారి పేరు కదా?" అంది నా చెవిలో.

"ఈ పూటకి నీది. వెళ్లు."

పిన్నులూ గాజులూ తీయించి, కదలొద్దని చెప్పి, ఆ సొరంగంలోకి కాళ్లు తోశారు. అరగంటసేపు రేకుల షెడ్డు కూల్చుతున్నట్టు చప్పుడు. బయటికొచ్చి, "ఎన్నాళ్లకి బాబూ, పట్టపగలు అరగంట పడుకున్నాను!" అంది.

అక్కడి డాక్టరు నన్ను తెర దగ్గరికి పిలిచాడు. "ఈ రెండు ఎముకల మధ్య గుజ్జు పొర ఉండాలండీ. వెతికి చూడండి, ఎక్కడా లేదు. ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి. ఇన్నాళ్లూ ఈవిడ ఎలా నడిచింది?"

"నడవడమా? మెట్లెక్కింది" అన్నాను. హాస్యానికే అన్నాను గాని, నవ్వు రాలేదు. రిపోర్టు చదవకుండానే కవరులో పెట్టి పంపేశాను.

ఎనిమిదో రోజున కేంద్ర కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. "తమ మోకాలి చిత్రము చూసి మిక్కిలి విచారించడమైనది. గుజ్జు పూర్తిగా అరిగినందున వెంటనే శస్త్రచికిత్స అవసరం. అయితే రిపోర్టులో 'స్త్రీ' అని ఉన్నది. మోకాలి సంగతి అటుంచి, ముందుగా తాము ఆడో మగో మూడు ప్రతులలో తెలియజేయవలెను."

అధికారిగారు ఆ ఉత్తరం రెండుసార్లు చదివారు. పది నిమిషాలు తల పట్టుకుని, ఉన్నట్టుండి లేచారు. అందుకే ఆయన అధికారి, నేను గుమాస్తా! "ఆ మోకాలు నాది కాదు. దిగువ సిబ్బంది ఆరోగ్యం కోసం నేను చేపట్టిన పథకంలో అది మొదటి మోకాలు. నా పేరు పడడం హెడ్ గుమాస్తా పొరపాటు" అని నా చేతే రాయించారు.

కేంద్ర కార్యాలయం పొంగిపోయింది. మెట్లమ్మకు ఆపరేషన్ మంజూరు చేసి, అధికారిగారిని అభినందించడానికి తమ డాక్టరును పంపింది. మీటింగు హాల్లో సభ. పూలగుత్తి అందుకుని సారు గొంతు సవరించుకున్నారు.

"ఆమె బాధ నా బాధ అనుకున్నాను. ఆమె మోకాలు నా మోకాలే అనుకున్నాను!"

హాలు దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. మైకు మెట్లమ్మకిచ్చారు. ఆమె కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి, ఒక నిమిషం ఆగి, డాక్టరు వైపు తిరిగింది.

"అయ్యగారు మంచివారే బాబూ. నా కాలికి ఫోటో తీయించి తన పేరు పెట్టుకున్నారు, పోనీండి. ఆపరేషన్ రోజున మాత్రం నా పేరు చెప్పి ఆయన పడుకోకుండా కాస్త చూసుకోండి!"