పచ్చపూత బుల్లెట్లు, మూడో తరగతి పేర్లు

బుల్లెట్ పేలిన ప్రతిసారీ, దాని అడుగున ఎవరి పేరు చెక్కి ఉందో వాళ్ల వస్తువుల్లో ఒకదానికి చిటికెన వేలు పట్టేంత రంధ్రం పడుతుంది. బుల్లెట్ మాత్రం ఎప్పటిలాగే అట్ట మీది లక్ష్యానికే తగులుతుంది. ఇది మొదలై నాలుగేళ్లయింది. మొదటి నెల పత్రికలు రాశాయి. రెండో నెల జిల్లాకొక నామ విభాగం ఏర్పడింది. మూడో నెల నుంచి అందరూ అలవాటుపడ్డారు.

పేర్లు రెండు తరగతులుగా మొదలై, ఇప్పుడు మూడయ్యాయి. దళసరి రాగి తొడుగున్న బుల్లెట్ల మీద మొదటి తరగతి పేర్లుంటాయి. ఆ పేర్లవాళ్లకు వస్తువులు ఎక్కువ. అటక మీద మడతపెట్టిన రగ్గుకు రంధ్రం పడితే వాళ్లకు ఏడాదికి గానీ తెలియదు. తెలిసిన రోజున మాత్రం లాయరు నోటీసు వస్తుంది. ఆ నోటీసుల ఖర్చంతా బుల్లెట్ ధరలోనే కలిసి ఉంటుంది. పల్చటి రాగిపూత ఉన్నవి రెండో తరగతి. సీసపు బుల్లెట్ మీద రంగు పూసి కాల్చినవి మూడో తరగతి. వాటి మీద, వరుసగా మూడేళ్లు ఒక్క ఫిర్యాదు కూడా ఇవ్వనివాళ్ల పేర్లు వేస్తారు. అందువల్ల అవి చవక.

గుత్తుల హైమావతి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలు. పిస్టల్ పోటీల్లో పాల్గొంటుంది. కిందటేడు రెండు పాయింట్ల తేడాతో రాష్ట్ర జట్టులో చోటు పోగొట్టుకుంది. ఆమె వయసు ముప్పై నాలుగు. ముప్పై ఐదు దాటినవాళ్లకు తూటాల కోటా రద్దు చేస్తూ ఉత్తర్వు వచ్చింది కాబట్టి ఈసారి ఎంపిక పోటీయే ఆఖరిది. దానికి పన్నెండు రోజులుంది. తయారైన తూటాలు కొనే స్తోమత ఆమెకు లేదు. పేలిపోయిన ఇత్తడి గొట్టాలు ఏరి తెచ్చుకుని, వాటిలో మందు పోసి, పైన కొత్త బుల్లెట్ బిగించి, భోజనాల బల్ల మీదే తూటాలు తయారుచేసుకుంటుంది. ఇందులో ఎక్కువ ఖర్చు బుల్లెట్‌దే.

బస్టాండు వెనక ఖలీల్ దుకాణంలో మూడు రంగులున్నాయి.

"ఎర్రది వద్దు మేడమ్. పూత రాలిపోద్ది," అన్నాడు ఖలీల్. "నల్లది తిన్నగానే పోద్దిగానీ పిస్టల్ గొట్టమంతా మసి. మీ పిస్టల్‌కి పచ్చదే."

హైమావతి దూదికి గోళ్లరంగు తుడిచే ద్రావకం అద్ది పచ్చ బుల్లెట్‌ను రుద్దింది. దూదికి రంగు అంటలేదు. ఖలీల్ దాన్ని దాగలి మీద పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. బుల్లెట్ రూపాయి బిళ్లలా చదునైంది. పూత ఎక్కడా చిట్లలేదు.

"దీని మీద పేరు?" అంది హైమావతి.

"శాంపిల్ మీద పేరుండదండీ," అన్నాడు ఖలీల్. "మనుషుల్ని సుత్తితో కొడతామా?"

ఆమె ఐదు వందలు కొన్నది.

పేర్లు చదవకపోవడం ఆ క్రీడలో మర్యాద. పేరు బుల్లెట్ అడుగున ఉంటుంది. బిగించాక ఇత్తడి గొట్టం లోపలికి వెళ్లి కనపడకుండా పోతుంది. పెట్టెలో కూడా అడుగు కిందికే ఉండేలా సర్దుతారు. హైమావతి నాలుగేళ్లుగా ఈ మర్యాద పాటించింది.

మంగళవారం ఆమె ఒక పొరపాటు చేసింది. పూత బుల్లెట్‌కు గొట్టం మూతి మామూలు కంటే కాస్త ఎక్కువ విప్పాలి. లేకపోతే ఇత్తడి అంచు పూతను గీరేస్తుంది. రాగి బుల్లెట్లకు పెట్టిన కొలతే మార్చకుండా ఆమె ఒక తూటా బిగించింది. బల్ల మీద సన్నటి పచ్చపొట్టు రాలింది. ఎంత గీసుకుపోయిందో తెలుసుకోవడానికి బుల్లెట్‌ను తిరిగి ఊడబెరికి, తిప్పి చూసింది.

అడుగున 'బొంతు ఎస్తేరమ్మ, మధ్యాహ్న భోజన వంట' అని ఉంది. హైమావతి పనిచేసే పాఠశాల పేరు కూడా సరిగ్గానే ఉంది.

ఎస్తేరమ్మ గొడుగుకు రంధ్రం ఉండడం హైమావతి చూసింది. మార్చుకోమని జూన్‌లో సలహా కూడా ఇచ్చింది.

అప్పటికే ఆమె ఐదు వందల బుల్లెట్లనూ చిన్న త్రాసులో తూచి, బరువు వెంట్రుకవాసి కూడా తేడా లేని అరవైని పోటీకి పక్కన పెట్టింది. ఇప్పుడు ఆ అరవైనీ ఒక్కొక్కటే తిప్పి చూసింది. ఒక పేరుతో వచ్చే బుల్లెట్లన్నీ ఒకే అచ్చులో పోస్తారు కాబట్టి వాటి బరువులు కలుస్తాయి. అరవైలో ఇరవై రెండు ఎస్తేరమ్మవి. మిగిలినవాటి మీద ఆమెకు తెలిసినవాళ్లు లేరు. వాటిని మళ్లీ బోర్లించి పెట్టింది.

పేరు పూర్తిగా చెరిగిన బుల్లెట్ కాల్చినవాళ్ల ఖాతాలో పడుతుందని నిబంధన. చేతిలో ఉన్నదాని పేరును ఆమె ఆకురాయితో గీకి, మైదానంలో పేల్చింది. బుల్లెట్ ఏడో వలయంలో తగిలింది. ఇంటికొచ్చేసరికి ఫ్రిజ్ తలుపుకు రంధ్రం ఉంది. సాధన పుస్తకంలో ఆమె ఏడు అని రాసుకుంది. పేరు గీకిన బుల్లెట్ పోటీకి పనికిరాదని రాసి, కింద గీత గీసింది. గీకినదాని స్థానంలోకి ఎస్తేరమ్మదే, సరిగ్గా అంతే బరువున్నది, మిగిలినవాటిలో దొరికింది.

గురువారం నామ విభాగానికి వెళ్లింది. సీనియర్ అసిస్టెంట్ ప్రభాకరం శ్రద్ధగా విన్నాడు.

"పేరు మార్పించుకోవచ్చండి. ఆవిడే వచ్చి ఫిర్యాదివ్వాలి. గుర్తింపు కార్డు జతచెయ్యాలి. కార్డుకి రంధ్రం ఉండకూడదు."

"ఆవిడ కార్డుకి పోయినేడే పడిందండి. నంబర్లో మూడంకెలు పోయాయి."

"అయితే కొత్త కార్డు తీసుకోమనండి. పాత కార్డు నంబరు వేస్తే ఇస్తారు."

హైమావతి, "ఒక వస్తువుకి ఒకసారే కదండి పడేది. ఆవిడ వస్తువులు అయిపోతేనో?" అని అడిగింది.

ప్రభాకరం పుస్తకం తిరగేసి వేలు పెట్టి చూపించాడు. "ఆ గడి ఖాళీగా వదిలేశారండి. అంటే దానివల్ల ఇబ్బందేమీ లేదనే."

శుక్రవారం భోజనాలయ్యాక పాఠశాల వంటశాల వెనక ఎస్తేరమ్మ డేగిసా తోముతోంది. హైమావతి దాచకుండా చెప్పింది.

"మీ దగ్గరికొచ్చిందాండీ నా పేరు," అంది ఎస్తేరమ్మ. "పోన్లెండి, తెలిసినోళ్లు. ఇన్నాళ్లూ ఎవరో ఏంటో. చీర కట్టుకుని సంతలో నిలబడితే పడిందండి ఒకసారి. ఎన్ని ఉన్నాయండి?"

"ఇరవై రెండు. ఇరవై ఎనిమిదో తారీఖు పొద్దున్న. గంటన్నరలో అయిపోద్ది."

"ఒకేసారాండీ." ఎస్తేరమ్మ పీచు పక్కన పెట్టి, వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంది. రేకు, మంచం, రెండు చీరలు, బిందె, బైబిలు, మనవడి పలక. మధ్యలో ఆగింది. "చెప్పులు జతండీ, ఒకటండీ?"

"జత ఒకటే."

"అయితే ఇరవై ఒకటండి. ఈ డేగిసాలు నావి కాదు కదా?"

"కాదు. ప్రభుత్వానివి."

"అయితే పిల్లల సాంబారుకేం భయం లేదు," అని ఎస్తేరమ్మ మళ్లీ తోమడం మొదలుపెట్టింది.

ఒక్క వస్తువు తగ్గింది. హైమావతి తన స్టీలు మంచినీళ్ల సీసా తెచ్చి ఇచ్చింది. కొత్తది. ఎస్తేరమ్మ మొహమాటపడుతూనే తీసుకుంది. "ఇంత మంచిదానికి బొక్క పడితే ఎలాగండీ, పాతదేదైనా ఇవ్వకపోయారా?" అంది.

పోటీ రోజు ఉదయం మైదానంలో వరుస పిలుపు కోసం కూర్చుని, హైమావతి బుల్లెట్ల పెట్టె మీది చిన్నక్షరాలు చదివింది. ఎనిమిదో అంశంలో, దానంగా గానీ అమ్మకంగా గానీ ఇచ్చిన వస్తువు ముప్పై రోజులపాటు ఇచ్చినవాళ్లదిగానే పరిగణింపబడును అని ఉంది. సీసా ఇచ్చి వారమే అయింది.

సంచిలో వేరే పేరున్న తూటాలు పదీపదిహేను ఉన్నాయి. బరువులో కాస్త తేడా. ఎస్తేరమ్మది ఒక్కటి తీసి, అందులోంచి ఒకటి పెడితే సరిపోతుంది. పోయేది ఒక పాయింటు, మహా అయితే రెండు. కిందటేడు పోయింది కూడా రెండే. ఆమె సంచిలోంచి ఒక తూటాను చేతిలోకి తీసుకుంది, బరువు చూసినట్టు ఒకసారి ఎగరేసి పట్టుకుంది. అప్పుడే ఆమె నంబరు పిలిచారు. తూటాను ఎక్కడిది అక్కడే పెట్టి, వరుసలోకి వెళ్లింది.

అరవై తూటాలూ బాగా వెళ్లాయి. మూడో వరుసలో ఐదు రంధ్రాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. స్కోరు రాసే అధికారి అట్టను పక్కవాళ్లకు చూపించి, ఏం బుల్లెట్లని అడిగాడు. ఆమె పచ్చవని చెప్పింది. ఆయన ఖలీల్ నంబరు రాసుకున్నాడు. హైమావతి నాలుగు పాయింట్ల ఆధిక్యంతో రాష్ట్ర జట్టుకు ఎంపికైంది.

సోమవారం ప్రార్థన సమయంలో ప్రధానోపాధ్యాయుడు శాలువా కప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం ఉపాధ్యాయులు కూడా పిల్లలతోపాటే వరుసలో కూర్చున్నారు.

ఎస్తేరమ్మ కుడి అరచేతికి గుడ్డ కట్టుకుని వడ్డిస్తోంది. మొదట ఎడమచేత్తో వడ్డించబోతే, పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరని ప్రధానోపాధ్యాయుడు వద్దన్నాడట. హైమావతి దగ్గరికి వచ్చేసరికి గుడ్డ జారింది. అరచేతి మధ్యలో రంధ్రం గుండ్రంగా, శుభ్రంగా ఉంది. నెత్తురు లేదు. అందులోంచి అన్నం తెల్లగా కనిపించింది.

"నొప్పుందా?"

"లేదండి. ఆసుపత్రిలో కూడా ఇది జబ్బు కాదన్నారు. గరిటె నిలవట్లేదంతే." ఎస్తేరమ్మ గుడ్డను పళ్లతో బిగించుకుంది. "మీరు గెలిచారంట కదండీ. పిల్లలు చెప్పారు."

"గెలిచాను."

"ఇంకుంటాయాండీ పోటీలు?"

"జాతీయ పోటీలు డిసెంబరులో. గురి కుదిరాక బుల్లెట్ మార్చకూడదు ఎస్తేరమ్మా. ఇదే లాటులోవి ఖలీల్ తీసి ఉంచాడు." హైమావతి కంచంలోకి చూస్తూ చెప్పింది.

ఎస్తేరమ్మ ఒక గరిటెడు సాంబారు, తర్వాత అడక్కుండానే ఇంకో గరిటెడు పోసింది.

"అయితే డిసెంబరుకి కొన్ని సామాన్లు కొనుక్కోవాలండి," అంది. "ముప్పై రోజుల లెక్క ఆసుపత్రిలో చెప్పారండి, ముందే కొంటాను. ఎన్ని కొనమంటారు?"

హైమావతి మనసులో లెక్క వేసింది. అర్హత పోటీలకు ఇరవై, తుది పోటీకి పన్నెండు.

"జాగ్రత్తకి నలభై అనుకో," అంది.

ఎస్తేరమ్మ తలూపి, పక్క కంచం దగ్గరికి వెళ్లింది.